సాముశాలకు సెలవు

(ఉండి పఠనమందిరమున చదివిన ప్రసంగపాఠము)



దేహపరిశ్రమను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని ఈ పఠనమందిరపు కార్యకర్తలు మమ్ము గోరిరి. కుస్తీలోని పట్లను గూర్చియో, ఆహారనియమములను గూర్చియో మేము ప్రసంగింతుమని మీలో కొందఱు తలచి యుందురు. ఆ సంగతులు మాకంటె వస్తాదులు చక్కగా చెప్పగలరు. మేము చెప్పదలచినది వేఱొకటి. తొమ్మిది సంవత్సరములుగా ఏ సాముశాలలో మా యుదయములను గడపితిమో, దానిని విడిచి వచ్చే సోమవారము ఈ యూరు దాటి పోవుచున్నాము. ఉద్యోగము పోయినది. ఉద్యోగముతో బాటు సాముశాలయు పోవలసినదేనా యను ప్రశ్న కొన్ని నెలలుగా మమ్ము వేధించుచున్నది. అది మా యొక్కరి ప్రశ్నయే యైనచో మీ కాలమును హరింపక యుందుము. ఈ సభలోనే ఆ ప్రశ్న గలవారు మఱికొందఱు కూర్చుండి యున్నారని యెఱుగుదుము గనుకనే ధైర్యము చేయుచున్నాము.

మా సాముశాలను చూడనివారికి దాని స్వరూపము కొంచెము చెప్పవలెను. కాలువగట్టునకు దిగువను ఒక రేకుల పాక. నడుమ గోదా. మన యుండి సీమ యంతయు నల్లరేగడి. వానకు బంకయగును, ఎండకు నెఱ్ఱెలు వాఱును. పడినవాని వీపు దానిని సహింపజాలదు. అందుచే గోదాకు ఎఱ్ఱమన్నును తాడేపల్లిగూడెమునకు ఎగువనున్న మెట్టనుండి తెప్పింతురు. పూర్వము బండ్లపై వచ్చెడిదట; ఇప్పుడు ట్రాక్టరుపై వచ్చును. దానిని జల్లించి, నూనెయు, మజ్జిగయు, పసుపును, వేపాకును కలిపి, పారతో తిరుగవేసి, కాళ్లతో మెదిపి మెత్తన చేయవలెను. ఒక మూల సంగడములు, ముద్గరములు. గోడకు చేరవేసిన సాముకఱ్ఱలు. ఒక ప్రక్క హనుమంతుని పటము. దానికెదుట గోదాగట్టుపై ముసల్మాను పిల్లలు తమ రీతిని సలాము చేసి దిగుదురు. అద్దములు లేవు. యంత్రములు లేవు. ఎవరి బలమెంతయో ఎదుటివాని పట్టులోనే తెలియును.

అక్కడికి వచ్చువారెవరు? ధాన్యపు మిల్లులో కాటా వేయువాడు, ఆటో నడపువాడు, రెండెకరముల కౌలురైతు, భీమవరమున చదువుకొను విద్యార్థి, చెఱువుల మేత యమ్ము దుకాణమున కూర్చుండువాడు. లంగోటీ బిగించి మన్ను పూసికొన్న పిమ్మట వీరిలో ఎవరు ఎవరో పోల్చుట కష్టము. వీధిలో ‘ఏమండీ’ యని పలుకరించువానిని గోదాలో నడుము పట్టి యెత్తి పడవేయవచ్చును; వాడు లేచి నవ్వుచు మరల చేయి కలుపును. కులములును, జీతములును, పెద్దఱికములును ఇంత సులువుగా గుమ్మము వెలుపల నిలిచిపోవు స్థలము మన యూరిలో మఱియొకటి యున్నదా యని వెదకి చూడుడు. ఈ పఠనమందిర మొక్కటి యున్నది. ఈ రెంటి సంబంధమును గూర్చి తుదకు చెప్పెదము.

ఇక మా యుద్యోగము. రొయ్యలను శుభ్రపఱచి, మంచుగట్టించి, ఎగుమతి చేయు నొక సంస్థలో మేము లెక్కలు వ్రాయుచుంటిమి. చెఱువు పట్టుబడి యైన రాత్రి లారీ వచ్చును. కౌంటు చూచి, తూకము చూచి, పుస్తకమున నెక్కించుట మా పని. ఆ పుస్తకములోని అంకెలు సముద్రము దాటి పోవునని యెఱుగుదుము గాని, సముద్రమున కావలనుండి వచ్చు నొక అంకె మా పుస్తకమును మూయించునని యెఱుగము. 2025 ఆగష్టు 27 నాటికి అమెరికా సంయుక్తరాష్ట్రములు మన దేశపు సరుకులపై విధించిన సుంకము 50 శాతమునకు చేరినది. రొయ్యలపై అదివఱకే యున్న వేఱు సుంకములు దానికి తోడైనవి. మన రొయ్యలకు అమెరికాయే పెద్ద గిరాకీదారు. ఆర్డర్లు తగ్గినవి, కౌంటు ధరలు దిగినవి, రైతులు పిల్లను వేయుటకు వెనుదీసిరి, షెడ్డులో ఒలుచు స్త్రీలకు దినములు తగ్గినవి, తుదకు లెక్కలు వ్రాయు ముగ్గురిలో ఇద్దఱు చాలుననిరి. ఆ మూడవవారము మేము. ఎవరిపైనను నేరము మోపుట మా యుద్దేశము గాదు. గొలుసులోని యే కొక్కెము ఎక్కడ తెగునో తెలిసికొనుటకై చెప్పితిమి.

ఉద్యోగము పోయిన నాడు మనుష్యుడు మొట్టమొదట దేనిని మానుకొనునో గమనించితిరా? బియ్యము మానడు. పిల్లల బడి మాన్పింపడు. ఫోను సహితము మానడు. ఉద్యోగపు కబురు దానిలోనే రావలెను గదా! మేము మొట్టమొదట మానినది సాముశాలను. దాని చందా నెలకు మూడువందల రూపాయలు. ఆ సొమ్ము మా యొద్ద లేకపోలేదు. అయినను మానితిమి. ఎందులకు? ఇంతకాలమును దాచిన మాటను నేడు బాహాటముగా చెప్పుచున్నాము: సిగ్గుచేత. గోదాగట్టుపై కూర్చున్నప్పుడు ‘షిఫ్టు లేదా?’ యని యెవరైన నడుగుదురు. ఏమని చెప్పుట? చందా కట్టినచో ‘జీతము లేనివానికి ఈ విలాస మెందులకు?’ అందురేమో, కట్టకున్నచో ఊరక వచ్చుచున్నాడందురేమో. ఎవ్వరును ఆ మాట యనలేదు. అనని మాటకే మేము జడిసితిమి.

కాలువగట్టు దారిని విడిచి, చుట్టు తిరిగి, రైలుస్టేషను వైపుగా నడచుట యలవాటు చేసికొంటిమి. తెల్లవాఱుజామున నాలుగున్నరకు లేచు దేహము మొదటి వారము ఆ వేళకే మేల్కొని, దిక్కుతోచక పక్కమీద దొర్లెను. రెండవ వారము ఆఱుకు లేచెను. నాలుగవ వారము ఎనిమిదైనను లేవదాయెను. ఉద్యోగము చేయు కాలమున రాత్రి పట్టుబడికి మేలుకొన్నను అలయని దేహము, పని లేక బరువెక్కెను. ఇంటిలో చిన్న మాటకు పెద్ద కోపము వచ్చుచుండెను. ఉద్యోగమునకు వ్రాసికొన్న జాబులలో తప్పులు దొరలెను. జీతము పోయినందున కలిగిన నష్టమెంతయో మాకు లెక్క తెలియును. సాము మానినందున కలిగిన నష్టమునకు లెక్క దొరకలేదు. అది పెద్దదని మాత్రము తెలిసినది.

ఇట్లు ఆఱు వారములు గడచిన పిదప ఒకనాటి సాయంకాలము వస్తాదుగారు మా యింటికి వచ్చిరి. అరుగుమీద కూర్చుండి మంచినీళ్లు పుచ్చుకొని, “ఏమయ్యా, కాలుగాని బెణికిందా?” అనిరి. లేదంటిమి. “మరి ఒంట్లో నలతా?” లేదంటిమి. కొంతసేపు ఊరకుండి, “ఉద్యోగం పోయిందని తెలిసి నెలైంది. నువ్వే వచ్చి చెపుతావని చూశాను. చెప్పేవాడు గోదాలోకి రాకుండా పోతే ఎట్లా?” అనిరి. చందా సంగతి యెత్తబోగా చేయి విసరి, “చందా పుస్తకం నా దగ్గరుంది, నీ దగ్గర కాదు. రేపు రా. పూర్తి దండీలు తియ్యకు. తిండి తగ్గినప్పుడు సగమే తియ్యాలి. సగం తియ్యి గాని మానకు,” అని లేచిరి.

గుమ్మము దిగుచు మఱియొక మాట చెప్పిరి. ఆయన యౌవనమున కొల్లేటిలో నొక చేపలచెఱువునకు కావలి యుండెడివారు. 2006 లో చెఱువుల గట్లు తెగగొట్టినప్పుడు ఆ కావలి పోయినది. అప్పటి పెద్దవస్తాదు వారిని ఎనిమిది నెలలు చందా లేక సాముశాలలో నుంచుకొని, పిల్లలకు కఱ్ఱసాము నేర్పు పని నప్పగించినాడట. “ఆ ఎనిమిది నెలలే నన్ను వస్తాదును చేశాయి. నా లెక్క ఎవడు తీర్చాడనుకున్నావు?” ఇంతమాత్రము చెప్పి చీకటిలో నడచిపోయిరి.

ఆ రాత్రి మేము మన సీమ చరిత్రమును తలపోసితిమి. మన కొల్లేటి చుట్టుపట్ల గ్రామములలో ఈ యిరువది ముప్పది యేండ్లలో పని పోనివారెవరు? 1990 తరువాత టైగరు రొయ్య రాగానే వరిచేలు చెఱువులైనవి, డాబాలు లేచినవి. ఆ దశాబ్దము నడుమనే తెల్లమచ్చల తెగులు వచ్చి చెఱువులకు చెఱువులను తుడిచిపెట్టినది. 1999 లో కొల్లేటిని అయిదవ కాంటూరువఱకు, 308 చదరపు కిలోమీటర్ల మేర, వన్యప్రాణుల రక్షితప్రదేశముగా ప్రకటించిరి. 2002 లో అది రామ్సారు ఒప్పందపు జాబితా కెక్కినది. 2006 లో చెఱువుల గట్లు తెగినవి. సరస్సు నిలువవలెననుట న్యాయమే. కాని గట్టు తెగినప్పుడు నీటితో బాటు కూలివాని కూలియు పోయినదనుటయు నిజమే. 2009 తరువాత వనామీ రొయ్య వచ్చి మరల చెఱువులు కళకళలాడినవి. 2025 లో సుంకము వచ్చినది. ఎక్కుట దిగుట మన సీమకు కొత్త గాదు. ఇన్నిమార్లు ఇందఱకు కలిగిన యాపదను ఒక్కొక్కడును తన యసమర్థతగా నెంచి తల దాచుకొనుట యెంత వింత!

పని పోవుటకును సాముశాలకును గల సంబంధము మన యూరిలో మాత్రమే యున్నది గాదు. జపాను చరిత్రమున నొక ఘట్టము కలదు. తరతరములుగా ప్రభువుల యొద్ద జీతము గొని కత్తిసాము చేసిన సామురాయిలు మెయిజీ ప్రభుత్వకాలమున జీవనోపాధిని గోల్పోయిరి. 1876 లో కత్తి ధరించుటయే నిషిద్ధమయ్యెను. వారి భరణములును ఆ సంవత్సరముననే రద్దై ఋణపత్రములుగా మాఱినవి. అంతకుముందే, 1873 లో, సకాకిబారా కెంకిచి యను ఖడ్గవిద్యాగురువు పనిలేని యోధులను జేర్చి, టోక్యోలో టిక్కెట్లు పెట్టి కత్తిసాము ప్రదర్శనలు నడపెను. ఘనవిద్యను సంతలో పెట్టినాడని నిందించినవారును కలరు. కాని ఆకలిగొన్నవాని చేతిలోని విద్య ఆకలితోబాటే చావకుండ ఆయన యొక త్రోవ చూపెను.

కుస్తీ పట్ల విద్యయైన జుజుత్సు గురువులు కొందఱు విఱిగిన యెముకలను కట్టి పొట్టపోసికొనిరి. మన వస్తాదులు బెణుకులు సరిచేయుట మీరెఱిగినదే. అక్కడను అదే వృత్తి. 1877 లో జిగొరో కానో యను విద్యార్థి జుజుత్సు నేర్వగోరి, గురువెక్కడ దొరకునో తెలియక, ఎముకలు కట్టువారిని అడుగుచు పోయెను. అట్లే ఫుకుదా హచినోసుకె యను గురువు దొరకెను. ఆ కానోయే 1882 లో ఎయిషోజి యను బౌద్ధాలయమున పండ్రెండు చాపల చోటున, తొమ్మండుగురు శిష్యులతో కోడోకాన్ సాముశాలను స్థాపించెను. నేడు లోకమెల్ల నేర్చు జూడో అక్కడ పుట్టినది. తొలి సంవత్సరములలో ఆయన శిష్యులనుండి రుసుము గైకొనలేదు. పాఠశాలలో చదువు చెప్పియు, రాత్రులు తర్జుమాలు చేసియు ఆ ఖర్చును భరించెను. పండ్రెండు చాపల చోటునకు నెలజీతము నడిగి యుండినచో ఆ తొమ్మండుగురిలో ఎందఱు మిగిలియుందురో!

మన దేశమున మల్లులను పోషించినవారు సంస్థానాధీశులు. గామా పహిల్వానును దతియా, పటియాలా సంస్థానములు పోషించినవి. 1910 లో ఆయన లండనున జిబిష్కో యను పోలండు మల్లునితో రెండున్నర గంటలకు పైగా పెనగెను. 1928 లో పటియాలాలో ఆ జిబిష్కోనే నిమిషము తిరుగకముందే పడవేసెను. అట్టివాడు 1947 లో దేశము చీలినప్పుడు లాహోరున నిలిచిపోయెను. పటియాలా పోషణము తెగెను. 1960 లో మరణించువఱకు తుదియేండ్లు ధనపు టిబ్బందితోను, రోగముతోను గడచినవి. ఒక్క ప్రభువు దయయు ఒక విధమైన జీతమే. అది పోయినప్పుడు జగజ్జెట్టియు మా వలెనే నిరుద్యోగి.

మన తెలుగువారిలో కోడి రామ్మూర్తినాయుడుగారి నెఱుగనివారెవరు? ఱొమ్ముపై ఏనుగును నిలిపికొని, మోటారుకార్లను పట్టి యాపిన బలశాలి. వీరఘట్టమున పుట్టిన ఆయన చిన్ననాడే తల్లిని గోల్పోయి, విజయనగరమున పినతండ్రి యింట పెరిగిరి. అక్కడనే సాము నేర్చి, మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణము పొంది, విజయనగరమునకు మరలి వచ్చి బడిలో వ్యాయామోపాధ్యాయులైరి. పిదప నా యుద్యోగమును విడిచి సర్కసు నెలకొల్పి దేశవిదేశముల కీర్తి గాంచి, 1942 లో గతించిరి. ఆయన బలమును గూర్చి కథలు చెప్పుకొందుము గాని, ఆ బలమునకు అడుగున నున్న పినతండ్రి యింటి అన్నపు ముద్దను మఱతుము. జీతము రాకముందు ఎవరో యొకరు పెట్టనిదే ఏ మల్లుడును మల్లుడు కాలేదు.

ప్రభువులు పోయిరి. పెట్టునట్టి పినతండ్రి యందఱకును ఉండడు. ఇక సాముశాలను పోషింపవలసినవారెవరు? ఊరే పోషింపవలెను. ఈ మాట గాలిలో చెప్పుట లేదు. మనము కూర్చున్న యీ పఠనమందిరమే సాక్షి. 1914 ఏప్రిలున బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి యధ్యక్షతను ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమసభ జరిగినది. చదువ నేర్చిన ప్రతివానికిని, కొన గలిగినను కొనలేకున్నను, పుస్తకము దొరకవలెనని ఆనాటివారు సంకల్పించిరి. ఆ సంకల్పమే తుదకు శాసనమైనది. 1948 లో మద్రాసు రాష్ట్రమునందును, 1960 లో ఆంధ్రప్రదేశమునందును గ్రంథాలయచట్టములు వచ్చి, ఇంటిపన్నుతో బాటు గ్రంథాలయపు సెస్సు వసూలు చేయు నేర్పాటు కలిగినది. నేడు పని పోయినవాడు గ్రంథాలయమునకు వచ్చి, పగలంతయు పత్రికలు తిరుగవేసి, ఉద్యోగప్రకటనలు వ్రాసికొని పోవచ్చును. ‘నీ జీతమెంత?’ యని గుమ్మమున నడుగువారు లేరు. మేమును ఈ నెలలలో ఆ మూలబల్ల యొద్దనే కూర్చుంటిమి. అక్కడ మాకు సిగ్గు వేయలేదు. ఎందులకు వేయలేదు? అది ఊరిదని యెఱిగియుంటిమి గనుక.

అదే 1914 లో బెరారునందలి అమరావతిలో హనుమాన్ వ్యాయామశాల నెలకొన్నది. అది యొక సంస్థానాధీశుని విలాసము గాదు. వైద్య వంశపు సోదరులు ఊరివారి తోడ్పాటుతో పెంచినది. 1936 లో ఆ సాముశాల జట్టు బెర్లిను ఒలింపిక్ వేళ మన దేశీయ క్రీడలను ప్రదర్శించినది. ఒకే సంవత్సరమున ఒకచోట పుస్తకమునకు, ఒకచోట దేహమునకు జనులు పూనిన తలంపు ఒక్కటే: మనుష్యునికి ఆవశ్యకమైనది వాని జేబును బట్టి యుండరాదు. మొదటిదానిని మనము నేర్చుకొంటిమి. రెండవదానిని సగము నేర్చి విడిచితిమి.

‘ఊరికి డబ్బెక్కడిది?’ అందురేమో. అయ్యలారా, ఇది ఉండి. భీమవర మిక్కడికి కూతవేటు దూరము. చట్టము కూడదన్నను సంక్రాంతి మూడు దినములలో మన పరిసరములందు కోడిపందెములపై కురియు ధనమెంతయో మాకంటె మీకే బాగుగా తెలియును. ఒక పుంజునకు బాదంపప్పు తినిపించి, తాలిము ఇప్పించి పెంచువారున్నారు. ఆ పుంజుకు దొరకు శిక్షణము పదునాఱేండ్ల కుఱ్ఱవానికి దొరకినచో చాలునని వేడుకొనుట దురాశయా? మా పాకకు రెండు రేకులు పగిలి రెండు వానకాలములైనది.

‘ఊరక యిచ్చినది చులకనయగును’ అని మఱికొందఱు. అట్లయినచో ఈ మందిరములోని పుస్తకములన్నియు చులకనయై యుండవలెను. గోదాలో చులకనకు చోటు లేదు. తెల్లవాఱుజామున వచ్చి మన్ను త్రవ్వనివానిని మన్నే బయటికి పంపును. ‘వస్తాదు కడుపు నిండుటెట్లు?’ అనునది న్యాయమైన ప్రశ్న. దానికి ఉత్తరము చెప్పకుండ ఉచితమని కేకలు వేయుట వంచనయగును. ఒకని సిగ్గును తీర్చుటకు మఱియొకని కంచములోని కూడు తీయరాదు.

కాబట్టి మేము వస్తాదుగారితోను, తోడివారితోను ఆలోచించి కుదుర్చుకొన్న పద్ధతిని మీకు విన్నవించెదము. మొదటిది, చందాను పేరు పేరున చేతికి తీసికొనుట మానితిమి. గుమ్మమున నొక హుండీ పెట్టితిమి. జీతము గలవాడు తన వంతును, వీలైనచో మఱియొకని వంతును దానిలో వేయును. లేనివాడు ఊరక దాటిపోవును. ఎవరు వేసిరో, ఎవరు దాటిరో చూచువాడు లేడు. నెలకడపట హుండీ తెఱచి, ముందుగా వస్తాదుగారి భాగము తీసి, పిదప మన్నునకును, నూనెకును, దీపమునకును ఖర్చు వ్రాయుదురు. మొదటి రెండు నెలలలో వచ్చినది పూర్వపు చందాకంటె కొంచెము తక్కువ. మూడవ నెల దానికి మించినది. లెక్కలు వ్రాసినది మేమే గనుక సాక్ష్యము చెప్పగలము.

రెండవది, చందా లేదను కారణమున ఎవరి పేరును పుస్తకమునుండి కొట్టివేయరు. ఊరు విడిచిపోవువాని పేరునకు ఎదుట ‘సెలవు’ అని వ్రాయుదురు. కొట్టివేతకును సెలవునకును ఎంత భేదమున్నదో పోవువానికే తెలియును. మూడవది, పని లేనివాడు తనంతట గోదా తిరుగవేసినను, పిల్లలకు సాము నేర్పినను సంతోషము. కాని దానిని చందాకు బదులని యెవ్వరును లెక్కింపరాదు. బదులనగానే మరల వాని పేదఱికము నలుగురిలో పడును. ఇవి మహాసంస్కరణములు గావు. ఒక రేకుల పాకలో నాలుగు నెలలుగా నడచుచున్న యేర్పాటులు. మన సీమలో మిగిలియున్న ప్రతి సాముశాలయు, వ్యాయామశాలయు వీనిని పరీక్షించి చూడవచ్చును. ఉత్తమమైనది దొరకినచో మాకును చెప్పవచ్చును.

ఇక పని పోయిన సోదరులతో ఒక మాట. సాము మీకు ఉద్యోగము నియ్యదు. ఆ భ్రమ పెట్టుకొనకుడు. ఇంట కూడు తగ్గినప్పుడు పూర్వము వలె నూఱు దండీలు తీసినచో దేహము చెడును. తగ్గించుకొనుడు, సగము చేయుడు, పాతిక చేయుడు. మానకుడు. తెల్లవాఱుజామున లేచుటకు ఒక కారణముండుట పని లేనివానికి గొప్ప యాస్తి. నలుగురిలో కూర్చుండి యుండుట అంతకంటె గొప్ప యాస్తి. మేము గోదాకు మరలిన నాడు షిఫ్టు సంగతి నడిగినవాడు ఒక్కడే, ఆటో నడపువాడు. ఉన్నది చెప్పితిమి. వాడు ‘మా బావమఱిదికీ పోయిందండి’ అని చేయి కలిపి పట్టునకు వచ్చెను. ఆఱు వారములు మేము జడిసిన ప్రశ్నకు అంతకంటె పెద్ద యుత్తరము అక్కఱ లేకపోయెను. పోవలసి వచ్చినచో చెప్పి పొండు. చెప్పక పోయినవాడు రెండుమార్లు పోయినట్లు; వానికి ఊరును లేదు, ఊరికి వాడును లేడు.

మేమును పోక తప్పలేదు. ఈ సీమలో పని దొరకలేదు. హైదరాబాదున నొక గిడ్డంగిలో లెక్కలు వ్రాయు పని దొరకినది. సోమవారము భీమవరమున రైలెక్కుచున్నాము. అక్కడ అద్దములును, యంత్రములును గల జిమ్ములున్నవట. వాని రుసుము మా కొత్త జీతమున కందదు. దండీ తీయుటకు ఆఱడుగుల నేల చాలును. అద్దెగది అంతకంటె పెద్దదిగనే యుండును. గోదాలోని తోడు మాత్రము అక్కడ దొరకదు. ఆ కొఱతను మాటలతో కప్పుట మా కిష్టము లేదు. తొమ్మిది సంవత్సరములు భుజము పట్టి పెనగినవారిని విడుచుట కష్టము. ఉద్యోగము పోయిన నాడు రాని దుఃఖము నిన్న యుదయమున మన్ను కడిగికొనుచుండగా వచ్చినది.

మా జత ముద్గరములను సాముశాలలోనే విడిచితిమి. మేతదుకాణపు కుఱ్ఱవానికి అవి ఇంకను బరువు. ఒక సంవత్సరమునకు సరిపోవును. హుండీ లెక్కల పుస్తకమును భీమవరపు విద్యార్థి కప్పగించితిమి. వస్తాదుగారు పేళ్ల పుస్తకము తీసి, మా పేరునకు ఎదుట తమ చేతితో ‘సెలవు’ అని వ్రాసి, తేదీ వేసిరి. తిరిగి వచ్చు తేదీకై ప్రక్కన కొంత చోటు విడిచిరి. ఆ చోటును పూరించు భాగ్యము మాకెప్పుడు కలుగునో చెప్పలేము.

సభ్యులారా, మీరు ఇంటికి పోవునప్పుడు కాలువగట్టు దారిని పొండు. పాకలో దీపము వెలుగుచుండును. లోనికి దిగి సాము చేయకున్నను, గుమ్మమున హుండీ కనబడును. పగిలిన రేకులు రెండు. మీ వీధిలో ఇటీవల తల వంచుకొని తిరుగుచున్న కుఱ్ఱవా డెవడైన నున్నచో వానిని వెంటబెట్టుకొని వెళ్లుడు. చందా మాట యెత్తకుడు.

ఇంతటితో మీయొద్దను సెలవు గైకొనుచున్నాము.